పాటల సీడీ రాసేవారికి తలకిందుల సలహాలు

ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు ఎక్కించిన సీడీ ఆ కంప్యూటర్లో చక్కగా మోగుతుంది. హాల్లో ఉన్న ప్లేయర్లో పెడితే మాత్రం 'నో డిస్క్' అని చూపిస్తుంది. ఈ కష్టం ఎవరికి చెప్పినా వచ్చే సలహాలు అవే: సాఫ్ట్‌వేర్ మార్చు, వీలైనంత నిదానంగా రాయి, అప్పటికీ కాకపోతే పెన్‌డ్రైవ్ కొనుక్కో. నా సలహాలు వీటికి ఎదురు నడుస్తాయి. వినగానే మొండితనంలా అనిపించవచ్చు. అయినా పాటించి చూడమని గట్టిగా అడుగుతున్నాను. పాత కారు అమ్మని బాబాయిలు, ఫోన్లో పాట వెతుక్కోలేని అమ్మమ్మలు, పొద్దున్నే ఒక్క మీట నొక్కితే సుప్రభాతం వినిపించాలనుకునే నాన్నలు ఇంకా ఉన్నారు. కాలం మారింది, మీరూ మారండి అని వాళ్ళకు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. వాళ్ళ దగ్గరున్న యంత్రంలో మోగే సీడీ చేసిపెట్టడం మన పని.

అందుకే ముందు కంప్యూటర్ ఆన్ చేయకండి. ప్లేయర్ దగ్గరికి వెళ్ళండి. బజారులో కొన్న పాత ఒరిజినల్ సీడీ ఏదైనా అందులో పెట్టి మొదటి పాట, చివరి పాట వినండి. అదే తడబడితే లోపం మీ రాతలో లేదు. లెన్స్ మీద దుమ్ము పట్టి ఉండవచ్చు, లేదా లేజర్ బలహీనపడి ఉండవచ్చు. ఒరిజినల్ బాగా మోగి మీది మోగకపోతే అప్పుడు మీ డిస్క్ సంగతి చూడాలి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన సీడీ తన మీద పడిన లేజర్ వెలుగులో 70 శాతం, అంతకు మించి వెనక్కి పంపుతుంది. మనం రాసే సీడీ-ఆర్ దానికి కాస్త తక్కువ. చెరిపి మళ్ళీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతమే పంపుతుంది. పాత ప్లేయర్‌కి ఆ మసక వెలుగు చాలదు. 'తప్పు వస్తే చెరుపుకోవచ్చు కదా, ఆర్‌డబ్ల్యూ కొను' అనే సలహా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి పనికొస్తుంది, హాల్లో కూర్చుని వినేవాళ్ళకు పనికిరాదు. చెరపడానికి వీలుకాని మామూలు సీడీ-ఆర్ కొనండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ సీడీలను పాడుచేసే సలహా: 'పాటలు సెలెక్ట్ చేసి డ్రైవ్‌లోకి కాపీ చేసెయ్, అంతే.' ఇది ఎందుకు తప్పో వివరంగా చెప్పాలి. ఆడియో సీడీలో ఫైళ్ళు ఉండవు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1980లో కుదుర్చుకున్న నియమాల ప్రకారం దాని మీద ఉండేది లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క సన్నని గీత. అందులో సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం, రెండు ఛానెళ్ళలో, ఒక్కో కొలతకు 16 బిట్లు. లోపలి అంచున ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న పట్టిక. అంతే. పాత ప్లేయర్‌కి ఫోల్డర్ అంటే తెలియదు, ఎంపీత్రీ అంటే తెలియదు.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఒక ఒరిజినల్ సీడీని విండోస్ కంప్యూటర్లో తెరవండి. ట్రాక్01.సీడీఏ, ట్రాక్02.సీడీఏ అని వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి: 44 బైట్లు. మూడు నిమిషాల పాటకు సీడీ మీద ముప్ఫై మెగాబైట్లకు పైనే చోటు పడుతుంది, అది 44 బైట్లలో ఎలా ఇముడుతుంది? ఆ ఫైల్ పాట కాదు, పాట ఎక్కడుందో చెప్పే చీటీ, విండోస్ మన సౌకర్యం కోసం తయారుచేసి చూపిస్తుంది. ఆ చీటీలను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని, వాటినే కొత్త సీడీలోకి ఎక్కించి, పాటలు వినబడటం లేదని బాధపడేవాళ్ళు చాలామంది. సీడీలోంచి పాట తీయాలంటే కాపీ కాదు, 'రిప్' చేయాలి. విండోస్ మీడియా ప్లేయర్ ఆ పని చేస్తుంది, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఇంకా జాగ్రత్తగా చేస్తుంది.

రాసేటప్పుడు కూడా ఇదే ఉచ్చు ఎదురవుతుంది. ఖాళీ సీడీ పెట్టగానే విండోస్ రెండు దారులు చూపిస్తుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా వాడుకోవడం ఒకటి, సీడీ లేదా డీవీడీ ప్లేయర్‌తో వాడుకోవడం రెండోది. రెండోదాన్ని చూసి మనకు కావలసింది ఇదే అనుకుంటాం. కానీ ఆ దారిలో వెళ్ళినా తయారయ్యేది ఫైళ్ళు ఉండే డేటా డిస్కే. ఎంపీత్రీ చదవగల ప్లేయర్ అయితే పాడుతుంది, పాత ప్లేయర్ పాడదు. ఆ కిటికీ మూసేయండి. మీడియా ప్లేయర్‌లో బర్న్ విభాగంలోకి వెళ్ళి 'ఆడియో సీడీ' ఎంచుకోండి. నీరో అయినా, లినక్స్‌లో కేత్రీబీ అయినా ఇదే పేరుతో ఎంపిక ఉంటుంది. కొత్త ఆడియో సీడీ మోగకపోతే నేను మొదట అనుమానించేది ఇక్కడే.

వేగం విషయంలో లోకమంతా ఒకే మాట మీద ఉంది: ఎంత నిదానమైతే అంత మంచిది. సీడీ రైటర్లు కొత్తగా వచ్చినప్పుడు, డిస్కులను 2ఎక్స్, 4ఎక్స్ వేగానికి తయారుచేసిన రోజుల్లో అది సరైన మాటే. ఇప్పుడు దొరికే డిస్కుల మీద 52ఎక్స్ అని ఉంటుంది. వాటి రంగు పూత ఎక్కువ వేగానికి, ఎక్కువ లేజర్ శక్తికి తగ్గట్టు తయారైంది. దాన్ని బలవంతంగా 4ఎక్స్‌లో రాస్తే గుర్తులు తీరుగా పడకపోవచ్చు, ప్లేయర్ తడబడవచ్చు. అలాగని 52కి కూడా వెళ్ళకండి, అంత వేగంలో డిస్క్ చిన్నగా వణికినా అంచు దగ్గర రాత చెదురుతుంది. 16 లేదా 24 పెట్టండి. 16ఎక్స్‌లో 80 నిమిషాల సంగీతం అయిదు నిమిషాలకు అటూ ఇటూగా అయిపోతుంది.

80 నిమిషాలు అన్నాను కానీ 80 నింపకండి. చోటు ఉంది కదా అని ఇంకో పాట ఇరికించడం మన వాళ్ళందరికీ అలవాటు. బయటి అంచు దగ్గర పూత పలచబడే అవకాశం ఎక్కువ, డిస్క్ కాస్త వంగి ఉంటే అది తెలిసేదీ అక్కడే. పాత ప్లేయర్లు 74 నిమిషాల కాలంలో పుట్టినవి. 72 దగ్గర ఆపేయండి. 90 నిమిషాల క్యాసెట్‌ని ఒక్క సీడీలో పట్టించాలని రెండు పాటలు తీసేసే బదులు ఏ వైపు పాటలకు ఆ వైపుగా రెండు సీడీలు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు పాడిన మంగళహారతులో, పెళ్ళిపాటలో అయితే మరీను, ఒక్కటీ వదలకూడదు.

క్యాసెట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కంప్యూటర్లోకి రికార్డు చేసేటప్పుడు మొదటి నుంచే 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అని పెట్టి వేవ్ ఫైల్‌గా దాచుకోండి. పాత టేప్‌రికార్డర్ మోనో అయినా ఫైల్ మాత్రం స్టీరియోగానే ఉండాలి. వీడియోల నుంచి తీసిన శబ్దం సాధారణంగా 48,000లో ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు దాన్ని మార్చుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఎంపీత్రీని సీడీ మీదికి ఎక్కిస్తే నాణ్యత పెరుగుతుందన్నది కూడా నమ్మవద్దు. ఎంపీత్రీగా కుదించినప్పుడు పోయిన శబ్దం పోయినట్టే.

పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం ఉండాలనేది అందరూ కళ్ళు మూసుకుని ఒప్పుకునే ఏర్పాటు. సినిమా పాటలకు ఇబ్బంది లేదు. హరికథకు, కచేరీకి అది గొంతు మీద కత్తి. రాగాలాపన అయి గాయకుడు కీర్తన ఎత్తుకోబోతుండగా రెండు సెకన్లు శూన్యం వస్తే తంబుర శ్రుతి కూడా తెగిపోతుంది. వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. దీనికి మందు 'డిస్క్-ఎట్-వన్స్' పద్ధతి, అంటే లేజర్ మధ్యలో ఆగకుండా మొత్తం ఒకే విడతలో రాయడం. మీడియా ప్లేయర్ సెట్టింగుల్లో ఖాళీలు లేకుండా రాయమనే గడి ఉంది, దానికి టిక్ పెట్టండి. అయినా అతుకు దగ్గర 'టిక్'మని చప్పుడు వస్తే కారణం ఇది: సీడీ మీద సెకనుకు 75 ఖానాలు ఉంటాయి, ప్రతి ట్రాకూ నిండు ఖానాతో ముగియాలి. మీరు ముక్క కోసిన చోటు ఖానా మధ్యలో పడితే మిగిలిన కొంచెం నిశ్శబ్దంతో నిండుతుంది. ఎంపీత్రీ అయితే మొదట్లోనూ చివరా తనంతట తానే కొంత నిశ్శబ్దం చేర్చుకుంటుంది. అందుకే కచేరీని ముక్కలు చేయకండి. మొత్తం ఒకే వేవ్ ఫైల్‌గా ఉంచి, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవ్వాలో 'క్యూ షీట్' అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో నిమిషాలు, సెకన్లు, ఖానాల లెక్కన రాసి, ఇమ్‌గ్‌బర్న్ లాంటి ప్రోగ్రాముకు ఇవ్వండి. ప్లేయర్లో ట్రాక్ నంబర్లు మారుతాయి, శ్రుతి తెగదు. కష్టమైన పనిలా కనిపిస్తుంది కానీ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. కచేరీ వినేవాళ్ళ కోసం ఆ సాయంత్రం ఇవ్వడం సబబే.

రాయడం మొదలుపెట్టగానే ఆగి 'పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్' అని వస్తే సాఫ్ట్‌వేర్ మార్చకండి, డిస్కుల కంపెనీ మార్చండి. రాయబోయే ముందు డ్రైవ్ డిస్క్ లోపలి అంచున లేజర్‌ని ఎంత శక్తితో వాడాలో పరీక్షించుకుంటుంది. ఆ పరీక్ష కుదరలేదన్నమాట. ప్రతి ఖాళీ సీడీలోనూ తయారీదారు ఎవరో చెప్పే సంకేతం ఉంటుంది, ఏ సంకేతానికి ఎలా రాయాలో డ్రైవ్‌లో ముందే నమోదై ఉంటుంది. గుర్తుపట్టని డిస్క్ అయితే అందాజాగా రాస్తుంది. వేరే కంపెనీ డిస్కులతో కూడా ఇదే వస్తే అప్పుడు లేజర్‌ని అనుమానించండి. బయట తగిలించే యూఎస్‌బీ డ్రైవ్ అయితే దానికి ముందు ఇంకో పని: హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకు పెట్టండి. రాసేటప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావాలి. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా కూడా చూసుకోవాలి. రాస్తుండగా డేటా సమయానికి అందక డిస్క్ పాడయ్యే 'బఫర్ అండర్‌రన్' భయం ఇప్పుడు పెద్దగా లేదు, డ్రైవులే కాచుకుంటాయి.

రాయడం అయ్యాక డిస్క్ ఫైనలైజ్ అయిందా లేదా చూడండి. తెరిచి ఉంచిన డిస్క్ మీ కంప్యూటర్లో తప్ప మామూలు ప్లేయర్లో మోగదు. తర్వాత ప్లేయర్లో పెట్టి చివరి పాటను ముందు వినండి. మొదటి పాట దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది, అది విని సంతోషపడి ఇచ్చేస్తే ఆరో పాట నుంచి గెంతులు మొదలవుతాయి. డేటా డిస్కులో తప్పులు దిద్దే అదనపు ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఆడియోలో అది లేదు. అందుకే 'సక్సెస్‌ఫుల్' అనే మాట మీద ఆధారపడలేం. చివరి పాట బాగుంటే మొదటి నుంచి పూర్తిగా ఒకసారి వినండి. ఒక గంటకు పైగా పడుతుంది, ఇంట్లో వేరే పని చేసుకుంటూ వినవచ్చు.

మెరిసే వైపు గీత పడుతుందని అందరూ భయపడతారు. నేను పేరు రాసే వైపు గురించి భయపడమంటాను. కింద గీత పడితే అది ప్లాస్టిక్ మీదే, మెరుగు పెట్టి బాగుచేసే అవకాశం ఉంది. రాత ఉన్న పొర పై వైపున, ఒక పలచని లక్క పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్ ముల్లు దాన్ని చీల్చేస్తుంది. కాగితం లేబుళ్ళు అంటించకండి, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది, ఎండకు అంచు లేస్తే కారు స్టీరియోలో ఇరుక్కుంటుంది. సీడీ మార్కర్‌తో మధ్యలో ఉన్న పారదర్శకమైన వలయం మీద పేరు రాయండి చాలు.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు, వీలైతే రెండు వేరు కంపెనీల డిస్కుల మీద. కవర్ మీద పాటల పేర్లతో పాటు ఏ కంపెనీ డిస్కో, ఏ వేగంతో రాశారో కూడా రాసిపెట్టండి. అమ్మమ్మ ప్లేయర్‌కి ఏది పట్టిందో వచ్చే ఏడాది ఇంకో సీడీ చేసేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.