టెంపరేచర్ బాబాయి

రోహిణి కార్తెలో కావలి ట్రంకురోడ్డు మీద మధ్యాహ్నం కుక్క కూడా తిరగదు. ఆ ఎండకు మా బాబాయి జంకడు. ఆయన బెంగంతా ల్యాప్‌టాప్ గురించే. పొద్దున్నే బీపీ మాత్ర మర్చిపోతాడేమో గానీ ప్రాసెసర్ వేడి చూడటం మాత్రం మర్చిపోడు. "87!" అని వరండాలోంచి కేకేస్తే, "వికెట్లెన్ని సార్?" అంటాడు పాలబ్బాయి.

"బో కాలిపోతండాదిరా అబ్బయా, ఒకసారొచ్చి చూడు" అని కబురొస్తుంది. వెళ్తే, ల్యాప్‌టాప్ దూదిపరుపు మీద దిండుకానుకుని బాలింతరాలిలా పడుకుని ఉంటుంది.

"కింద బెజ్జాల్లోంచి గాలి పీల్చుకోవాల గదా బాబాయ్, పరుపు మీద పెడితే ఎట్టా?"

"బల్ల మీదైతే కుదుపులు తగలవూ?"

గాలి కావాలన్న మాట మాత్రం పట్టుకున్నాడు. ఆ ఆదివారమే దాన్ని తుమ్మలపెంట బీచికి తీసుకెళ్ళి సముద్రపు గాలికి పెట్టొచ్చాడు.

ఒకరోజు అన్నీ మూసేసి టాస్క్ మేనేజర్ తెరిచాడు. "దొరికాడ్రా దొంగ! సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అంట, 93 శాతం వీడే మింగతండాడు!" ఎంత నొక్కినా ఆ దొంగ పోడు. అది ప్రాసెసర్ ఎంత ఖాళీగా ఉందో చెప్పే లెక్క అన్నాను. "ఖాళీగా కూర్చునేవోడే ఎక్కువ తింటాడు. ఆఫీసులో చూళ్ళేదా నేను?" అన్నాడు. ఇంక నోరెత్తడానికేముంది?

అసలు మింగేవాళ్ళు ఆయన పెంచుకున్నవాళ్ళే. రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ ప్రతి ఫైలునూ రెండేసి సార్లు సోదా చేస్తుంటాయి. చెత్త ఊడ్చే సాఫ్ట్‌వేర్లు మూడు. వేడి కొలిచేవి నాలుగు, ఏ రెంటికీ లెక్క కలవదు. నాలుగూ కూడి సగటు తీస్తాడు. జవహర్ భారతిలో బీకాం చదివినందుకు ఆ మాత్రం ఉండాలి కదా. బ్రౌజర్‌లో వరసగా ట్యాబులు, అన్నిట్లోనూ ల్యాప్‌టాప్ వేడి తగ్గించే వీడియోలే!

పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠాన్ని 99 శాతానికి దించితే టర్బో ఆగి కాస్త చల్లబడుతుందని చెప్పాను. 99కే అంత లాభమైతే ఇంకా దించితే ఎంతో అనుకుని 30కి దించాడు. "నత్తలాగా నడస్తండాది, వైరస్ పట్టినట్టుండాది" అని మూడో యాంటీవైరస్ ఎక్కించాడు.

చివరికి పిన్నే దాన్ని సంచిలో వేసి ట్రంకురోడ్డు మీది రిపేరు షాపుకి పంపింది. కుర్రాడు అడుగు మూత విప్పాడు. ఫ్యాను మీద వేలెడు మందాన దూది, రెక్కల సందున తుమ్మలపెంట ఇసక. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి పెచ్చులూడుతోంది. ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాడు, బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టాడు, బాబాయి పెంచుకున్నవాటిలో ఒక్క యాంటీవైరస్‌ని మాత్రం ఉంచాడు. మీటరు 58 చూపించింది.

బాబాయి మొహం వాడిపోయింది. కాసేపు అటూ ఇటూ చూసి, కుర్రాడి కంప్యూటర్ మీద చెయ్యి పెట్టాడు.

"నీది ఎంతుండాది అబ్బయా?"

"ఎప్పుడూ చూళ్ళేదు సార్."

బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.