మాస్టారి కొత్త క్లాసు

రిటైరైన లెక్కల మాస్టారు ఆరు పందిపిల్లల్ని కొన్నారన్న వార్త, అవి ఆటోలోంచి దిగేలోపే ఊరంతా చుట్టొచ్చింది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ రూపొందించిన టీ-17 రకం అవి. ముప్పాతిక పాళ్లు లార్జ్ వైట్ యార్క్‌షైర్, పాతిక పాళ్లు నాటు. వయసు ఏడు వారాలు, తల్లిపాలు మాని మూడు రోజులు. ముప్ఫై నాలుగేళ్లు ఆరో తరగతిని ఏలినవాడికి ఇవొక లెక్కా అని మాస్టారి ధీమా.

దిగీ దిగగానే కుమ్ములాట. మాస్టారు బెత్తం వెతుక్కుంటుంటే పశువుల డాక్టరుగారు ఫోన్లో నవ్వారు. పుట్టిన కొద్ది రోజులకే ఒక్కో పిల్ల తల్లి దగ్గర ఒక్కో చన్ను ఖాయం చేసుకుంటుంది, కిటికీలోంచి తువ్వాలు వేసి ఆర్టీసీ బస్సులో సీటు పట్టినట్టు. ఇప్పుడా బస్సే వెళ్లిపోయింది. పైగా ఇవి ఇద్దరు తల్లుల పిల్లలు. పెద్దరికం మళ్లీ మొదట్నుంచీ తేలాలి. "ఒకటి రెండు రోజుల్లో అవే సర్దుకుంటాయి మాస్టారూ. తొట్టి మాత్రం అన్నీ ఒకేసారి మూతి పెట్టేంత పొడుగుండాలి. రెండు గోనెసంచులు వేలాడదీయండి, తోకలు వదిలేసి వాటిని పీకుతాయి."

అసలు గండం తిండిది. పాలకు అలవాటుపడ్డ పొట్టకు దాణా అరిగించుకునే శక్తి ఇంకా పూర్తిగా రాదు. మేత ఒక్కసారిగా మారిస్తే అరగనిదంతా పేగుల్లోని ఈ-కోలై బ్యాక్టీరియాకు విందు. మర్నాటికి పారుడు, ఆపైన ఒంట్లో నీరంతా పోయి పిల్ల వాలిపోవడం.

"పాతచోట ఏం తినేవి?" అన్నారు డాక్టరుగారు. బేరంలో పడి మాస్టారు ఆ ఒక్క ప్రశ్న మరిచారు. అదే ఆటోలో వెనక్కెళ్లి పాత దాణా బస్తా తెచ్చారు. మొదట అచ్చంగా అదే, తర్వాత రోజూ కొంచెం కొత్తది కలుపుతూ, పదిరోజులకు మొత్తం కొత్తది. అదీ కొద్దికొద్దిగా, నాలుగైదు పూటలు. బోర్డు మీద నిష్పత్తులకు ఇన్నాళ్లకు కడుపులు దొరికాయి.

మూడోరోజు బావమరిది పెళ్లింటి మిగులు బకెట్టు మోసుకొచ్చాడు. అందులో ఆవకాయ. ఉప్పు ఎక్కువై నీళ్లు చాలకపోతే పందికి మెదడే దెబ్బతింటుంది. దానికితోడు అతనికీ పందులున్నాయి. 2020లో మన దేశంలో తొలిసారి అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు మందు లేదు; ఎంగిలితోనూ వస్తుంది, చెప్పుల మట్టితోనూ వస్తుంది.

"నన్నే ఆపుతావా బావా?"

"నిన్ను కాదురా, నీ చెప్పుల్ని."

బకెట్టు వెనక్కి పోయింది. ఇంటికని విడిగా తెచ్చిన బూరెల డబ్బా మాత్రం ఏ తనిఖీ లేకుండా లోపలికెళ్లింది.

రాత్రి కొట్టంలో బల్బు. "ఏమండీ, మనవడొస్తే కరెంటు బిల్లు గుర్తుచేస్తారు, వీటికి తెల్లవార్లూ దీపమా?" అంది ఆవిడ. వెచ్చదనం కొలవడానికి ధర్మామీటరు అక్కర్లేదు: గుట్టగా ఒకదానిమీదొకటి పడితే చలి, ఎడమెడంగా పడుకుంటే ఉక్క, పక్కపక్కన ఆనుకుంటే సరిపోయినట్టు. మాస్టారు గంటకోసారి లేచి చూసొచ్చారు.

వరిగడ్డి పరుపు పక్కనే నీళ్లతొట్టి పెట్టడం ఆయన పొరపాటు. పంది పడుకునేచోటు శుభ్రంగా ఉంచుకుంటుంది. తడిగా, చల్లగా ఉన్న మూలనే దొడ్డికి ఎంచుకుంటుంది. తెల్లారేసరికి ఆరూ కలిసి ఒలికిన నీళ్లతో తడిసిన పరుపును మరుగుదొడ్డి చేసి, ఎదుటి మూల ఒట్టి నేలమీద హాయిగా నిద్రపోతున్నాయి. మాస్టారు పొడిగడ్డి తెచ్చి వాటి మూలకే పరిచారు.

పదోరోజు తూకం. పిల్లను ఎత్తుకుని మిషనెక్కి, అందులోంచి తన బరువు తీసేయడం మాస్టారి పద్ధతి. పాలు మానిన తొలివారం బరువు పెరగకపోయినా కంగారుపడొద్దని డాక్టరుగారు ముందే చెప్పారు. పుస్తకంలో మాత్రం చూడబోతే ఆరూ పెరిగాయి, ఒక్కొక్కటీ కనీసం కిలోన్నర. మీసం దువ్వుకుంటూ చూపించారు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "ఇందులో మీ బరువు ఎప్పటిది?"

"మొదటిరోజుదే. నా బరువెక్కడికి పోతుంది?"

"పోయిందనలేదండీ. ఒకసారి ఒట్టి చేతుల్తో ఎక్కండి."