మౌరిటానియా విజయవాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: “సొంత బండిలో, ఎవరి సాయమూ లేకుండా, మౌరిటానియాను జయించి వచ్చాం.”

ఇది గద్యము. కర్త జర్మనీలో స్థిరపడిన మన తెలుగువాడే. పేరు చెప్పుట మర్యాద కాదు. కప్పు మీద గుడారము, గుడారము పక్కన పార, పార పక్కన ఇసుకలో చక్రముల కింద వేయు పలకలు, వెనుక తలుపున ఆఫ్రికా ఖండము స్టిక్కరు గల బండి ముందు చేతులు కట్టుకొని తీయించుకొన్న ఫొటో కింద ఈ వాక్యము వెలసినది. చూసినవారందరూ మెచ్చిరి. అర్థము విచారించినవారు లేరు. కావున ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము వ్రాయను. బండి అనగా ఏమో తెలియని పాఠకుడు ఈ పత్రిక కొనడు.

సందర్భము. యూరప్ నుండి బండి తోలుకొని పశ్చిమాఫ్రికాకు దిగువారి వాడుక దారి ఇది. స్పెయిన్ కొసన ఓడ ఎక్కించి మొరాకోలో దింపుట, అట్లాంటిక్ ఒడ్డు పట్టుకొని పశ్చిమ సహారా మీదుగా గెర్గెరాత్ ఠాణా చేరుట, అటుపైన ఎవరిదీ కాని కొన్ని కిలోమీటర్ల నేల దాటి మౌరిటానియాలో ప్రవేశించుట. ఆ నడిమి నేలకు డ్రైవర్లు పెట్టుకొన్న పేరు కాందహార్. ఏళ్ల తరబడి అక్కడ తుప్పు పట్టిన కార్ల డొక్కులే గుర్తులుగా ఉండెను. బాట తప్పినచో పాత పశ్చిమ సహారా యుద్ధము నాటి మందుపాతరలు. మన కర్త ఇచట ఫొటో తీయించుకొనలేదు. కారణము ఊహ్యము.

“సొంత” అను విశేషణము ఠాణా దాకానే చెల్లును. కస్టమ్స్ వారి లెక్కలో ఆ బండి గడువు పెట్టి లోపలికి వదిలిన సరుకు. అమ్మము, వదిలిపెట్టము, గడువులోగా దేశము దాటించెదము అని వ్రాసి ఇచ్చిన పిమ్మటనే గేటు లేచును. ఈ అనుమానము ఊరక పుట్టినది కాదు: యూరప్‌లో పనికిరాదనుకొన్న పాత కార్లు ఈ దారినే దిగి వచ్చి అమ్ముడుపోవుట పాత వ్యాపారము, వయసు మళ్లిన కార్ల మీద సెనెగల్ ఆంక్ష పెట్టుకొన్నది కూడ అందుకే. బీమా సైతము సరిహద్దులోనే కొనవలెను. పశ్చిమాఫ్రికా కూటమి ఎకోవాస్ వారు 1982లో ఒప్పందము చేసుకొని తెచ్చిన గోధుమరంగు కార్డు ఒకటి కలదు; ఒక దేశమున కొన్నది మిగతా దేశములలో చెల్లును. మౌరిటానియా 2000లో ఆ కూటమి నుండి తప్పుకొన్నది. కాన ఆ కార్డు సెనెగల్ నదికి ఆవలి గట్టుననే ఆగును.

ఇక “ఎవరి సాయమూ లేకుండా”. వాక్యమునకు ప్రాణమిదియే, దోషమూ ఇచటనే. కారకముల లెక్క చూతము. కర్త బండివారు. కరణము బండి. సంప్రదానము, అనగా ఎవరికి ఇచ్చుదుమో ఆ కారకము, దారి పొడుగునా కలదు: పంక్చరు వేసిన కుర్రవాడు, ఇసుకలో దిగబడినప్పుడు తోసినవారు, కాగితములు పట్టుకొని కిటికీ నుండి కిటికీకి తిరిగిన మధ్యవర్తి. అపాదానము, అనగా దేనినుండి విడివడునో అది, పర్సు. ఇన్ని కారకములు పనిచేయుచుండగా సాయము లేదనుట వ్యాకరణమునకు విరుద్ధము.

రోస్సో మాట కూడ ఇచటనే చెప్పవలెను. రాజధాని నువాక్‌షాట్ నుండి దక్షిణముగా పోయి సెనెగల్ నదిని బల్లకట్టు మీద దాటు రేవు అది. అక్కడి దళారుల పేరు ఈ దారిన పోవువారందరికీ తెలియును. కావున సొంత బండివారు రోస్సో రాకముందే పక్కకు తిరిగి, కట్ట మీది మట్టిబాట పట్టి, డియావ్లింగ్ పార్కు గుండా డియామా పోవుదురు. సముద్రపు ఉప్పునీరు నదిలోకి ఎగదన్నకుండ కట్టిన ఆనకట్ట అచట కలదు, 1986లో పూర్తి అయినది. దాని మీదుగా ఆవలికి. సహారాను జయించినవారు రేవు దళారికి జడిసి చుట్టుదారి పట్టుట అను ఈ ఘట్టము మూలమున లుప్తమైనది.

అన్నిటిలో పెద్ద సాయము ఫిష్. చేప కాదు, కాగితము. మౌరిటానియా రోడ్ల మీద ఊరి ముందర, ఊరి వెనుక, ఊరు లేని చోట కూడ సాయుధ పోలీసులగు జాండార్మ్‌ల తనిఖీ ఉండును. ఆగిన ప్రతిచోట ఒక ఫిష్ ఇచ్చి కదలవలెను. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వృత్తి, తండ్రి పేరు, తల్లి పేరు, బండి నంబరు, రంగు, ఎచటినుండి ఎచటికి. తెలిసినవారు వీనిని ఇంటివద్దనే కట్టలుగా ప్రింటు తీసి డాష్‌బోర్డున పెట్టుకొందురు. తెలియనివారిని జవాను తన లెడ్జరులో చేత్తో ఎక్కించును. వాని అవస్థ చూడవలెను. ఎండకు మెరిసే పాస్‌పోర్టు పుటను అటు వంచి ఇటు వంచి, మోకాలి మీద లెడ్జరు ఆనించుకొని, మన పొడుగాటి పేరులో ఇంటిపేరు ఏదో తండ్రి పేరు ఏదో అంతుపట్టక, పెన్ను విదిలించి, గడి చాలక పక్కగడిలోకి పోయి, చివరకు “ఇండియా” అని మాత్రము స్పష్టముగా వ్రాసి, నవ్వి పొమ్మనును.

దీనిని మనవాడు వేధింపు అని విసుగుకొనెను. కాదు. 2007 డిసెంబరులో అలెగ్ సమీపమున నలుగురు ఫ్రెంచి యాత్రికులను చంపిరి. ఆ భయముననే 2008 డకార్ ర్యాలీ బయలుదేరుటకు ముందునాడే రద్దయినది. ఆ పందెము తరువాత దక్షిణ అమెరికా పోయి, ఇప్పుడు సౌదీలో జరుగుచున్నది. డకార్ అను పేరును మాత్రము వెంట తీసుకొనిపోయినది. ఎవడైనా తరువాతి ఠాణా చేరకున్నచో ఏ రెండు ఠాణాల నడుమ వెదకవలెనో చెప్పునది ఆ కాగితమే.

వంశము, పేరు చెప్పి తల వంచుట మనకు కొత్త కాదు. ప్రవర చెప్పుకొనుట అదియే. ప్రవర అనగానే ప్రవరుడు గుర్తుకు వచ్చును. అతని సంగతి రెండు మాటలు చెప్పక ముందుకు పోలేను.

మన సాహిత్యమున సొంత వాహనము మీద పరదేశము పోయి చిక్కుకొన్న పెద్దమనిషి అల్లసాని పెద్దన గారి ప్రవరుడే. అరుణాస్పదము దాటి ఎరుగడు. వచ్చిన అతిథినల్లా కూర్చోబెట్టి ఏ తీర్థము చూచితిరి, ఏ కొండ ఎక్కితిరి అని ప్రాణము తీయువాడు. ఈ రోగము నేడు రాత్రి ఒంటిగంట దాకా యాత్రల వీడియోలు చూచువారిలో కనపడును. ఒక సిద్ధుడు పాదలేపము పూసెను. పెట్రోలు లేదు, బీమా లేదు, గేటు లేదు. తలచిన మాత్రమున హిమాలయము. ముందు వెనుక చూడక, స్పేరు టైరు మాట తలపక పోయెను. మంచుకు లేపనము కరగినది. ఏ కంపెనీ లేపనమైనను ఏ వాతావరణమునకు పనికివచ్చునో డబ్బా మీద వ్రాయవలెను. సిద్ధుడు చెప్పలేదు, ఇతడు అడుగలేదు. అప్పుడు దారి అడుగుటకు స్థానికులు కావలసి వచ్చిరి. కస్తూరి, తాంబూలముల వాసన పట్టుకొని పోగా వరూధిని కనపడినది.

అచట చూడుడు పెద్దన గారి శిల్పము. ఆమె ముందు నిలిచి ప్రవరుడు ఒక్క పద్యమున తన కులము, పేరు, వచ్చిన చోటు, పోవలసిన చోటు అన్నియు చెప్పి దారి అడుగును. ఫిష్‌లోని గడులు చాలవరకు నిండినవి. అంతేకాదు, జాండార్మ్‌లు పెట్టని గడి ఒకటి తానే గీసుకొని నింపెను: కొవ్వెక్కి ఈ కొండకు వచ్చితినని ఒప్పుకొనెను. యాత్రికుడు స్వయముగా సమర్పించిన ఇంతటి నిజాయితీ గల ప్రవేశపత్రము మరియొకటి నేనెరుగను. చివరకు ఇల్లు చేర్చినది ఎవరు? అగ్నిదేవుడు. దిగబడిన బండిని లాగుకొని పోవు సేవ అది, రుసుము లేకుండ. ప్రవరుడు ఊరు చేరి “ఎవరి సాయమూ లేకుండా హిమాలయమును జయించితిని” అని అనలేదు. అనినచో ఆ అగ్నియే వాని సంగతి చూచెడివాడు.

అనవసరమైనది ఒక్కమాట వ్రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. కొలిచెలమవారు, మహానుభావులు, చెల్లినది. నేనట్టి ప్రతిజ్ఞ పట్టలేదు.

“మౌరిటానియాను”. ద్వితీయా విభక్తి దేశమంతటికి వర్తించును. దేశము 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాట. మనవాడు చూచినది సముద్రపు అంచున ఒక గీత. తూర్పున నెమా దాకా పోవు రోడ్డు ఒక్కటే వెయ్యి కిలోమీటర్లు మించును, దానికి ఆశామార్గమని పేరు. దాని మొగము చూడలేదు. జువేరాత్ గనుల నుండి నువాదిబూ రేవుకు సుమారు 700 కిలోమీటర్లు ఇనుప ఖనిజము మోయు రైలు, ఒక్కొక్కప్పుడు రెండున్నర కిలోమీటర్ల పొడుగు, దానికి ఫొటో మాత్రము తీసెను.

“జయించి”.

ఇక్కడ గ్రాంథికం నా వల్ల కాదు.

నువాదిబూ నుంచి నువాక్‌షాట్‌కు సుమారు 470 కిలోమీటర్లు. 2005 ప్రాంతంలో తారురోడ్డు పూర్తయింది. అంతకు ముందు, ఆటుపోట్ల లెక్క తెలిసిన మనిషిని బండిలో కూర్చోబెట్టుకుని, నీళ్లు వెనక్కి తగ్గిన వేళ చూసి, గట్టిపడ్డ ఇసుక ఒడ్డున తోలేవాళ్లు. లెక్క తప్పితే బండి సముద్రానికి. అప్పటివాళ్లు ఏమన్నా చెప్పుకుంటే విందాం. ఇప్పుడు తారు మీద పోతూ, రోడ్డెక్కిన ఇసుకను లోడరుతో ఎత్తిపోసే డ్రైవరు పక్కనుంచి చేయి ఊపి పోతూ, జయించడం ఏమిటి? ఒక్కచోట సరదాకి ఇసుకలో దిగి, టైర్లలో గాలి 35 పాయింట్ల నుంచి 18కి తగ్గించి, బయటపడి, మళ్లీ కొట్టించుకున్నాడు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. అది ఆ ఊళ్లో పెట్రోలు బంకు కుర్రాడికి కూడా తెలిసిన సంగతి.

అదే రోడ్డు మీద పాత మెర్సిడెస్ 190 ఒకటి పోతుంటుంది. లోపల పట్టాల్సిన వాళ్లకంటే ఎక్కువమంది, పైన మూటలు, మూటల మధ్య కాళ్లు కట్టిన గొర్రె. నడిపేవాడి తలపాగా ఇసుకకు ముక్కు మీదికి దిగి ఉంటుంది. గేరు మార్చే చేత్తోనే ఫిష్ లాంటి కాగితాలూ కిటికీలోంచి అందిస్తాడు. సాయంత్రానికి దింపి, మూడు గ్లాసుల టీ అయ్యేదాకా కూర్చుని, తెల్లారి మళ్లీ అదే రోడ్డు. అతను బండి మీద ఆఫ్రికా స్టిక్కరు అంటించుకోడు. అతను చేసేది కిరాయి బండి తోలడం, మనవాడు చేసింది సాహసయాత్ర. రోడ్డు ఒకటే, ఇసుక ఒకటే, ఠాణాలూ అవే.

ఇంకొంచెం చెప్పనివ్వండి. ఆ మెర్సిడెస్ డ్రైవరు తన సొంత బండిలో ఉత్తరం దిక్కుగా, మనవాడు దిగి వచ్చిన దారినే, జర్మనీ దాకా పోయి ఫొటో తీయించుకుని రాగలడా? వీసా ఎవరిస్తారు? నువాదిబూ నుంచి, ఆ తీరం పొడుగునా చేపల పడవలు ఎక్కి కానరీ దీవుల వైపు పోయిన జనం ఉన్నారు. 2006లో అలా ఆ దీవులు చేరినవాళ్లే 31 వేల పైన. చేరనివాళ్లు ఆ లెక్కలో లేరు. 2024లో చేరినవాళ్లు 46 వేలు దాటారు. ఎవరి సాయమూ లేకుండా అన్న మాట ఎవరికైనా చెల్లితే వాళ్లకు చెల్లాలి. వాళ్లను ఆపడానికి స్పెయిన్ పోలీసులు వచ్చి నువాదిబూలోనే మకాం పెట్టారు. మనవాడి బండి మాత్రం వాళ్ల ముందు నుంచే ఏసీ వేసుకుని దిగింది.

ఇతనేమీ తరతరాల దొర కాడు. హైదరాబాద్‌లో వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెళ్లి సర్టిఫికెట్టు, ఆఫీసు ఉత్తరం ఫైల్లో వరస తప్పకుండా పెట్టుకుని, టోకెన్ పట్టుకుని నిలబడ్డవాడే. ఆ గాజు కిటికీ వెనక మనిషి “ఇంకో కాగితం కావాలి” అంటే నీళ్లు నమిలినవాడే. ఇవాళ మోకాలి మీద లెడ్జరు పెట్టుకుని తన పేరు రాసుకున్న జవాను మీద విసుక్కుంటున్నాడు.

మరల వ్యాఖ్యకు. “వచ్చాం” అను క్రియ మిగిలినది. అన్వయము చేయగా “సొంత బండిలో... వచ్చాం” అగును. విచారింపగా తేలినదేమన, బండిని డకార్‌లో ఓడ ఎక్కించి, మనవారు విమానమున ఇల్లు చేరిరి. కాన “బండిలో” అను పదమునకు క్రియతో సంబంధము లేదు. బండి ఇంకను చేరలేదు. దిగవలసిన రేవులో ఏదో కాగితము ఒకటి తక్కువైనదట; వీరి తండ్రిగారి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక వ్రాసి ఉన్నదట. హైదరాబాద్‌లోని బావమరిది నోటరీ దగ్గరకు పోయి ఉన్నాడు.