పద్నాలుగు ఫారాలు అచ్చయ్యాక

సాఫ్ట్‌వేర్ మార్చడానికి మన డీటీపీ సెంటర్ల ఓనర్లకు ఒక్కటే ముహూర్తం. పుస్తకం మొదలుపెట్టక ముందు కుదరదు; అప్పుడు తీరిక ఉంటుంది. పుస్తకం అయిపోయాకా కుదరదు. అప్పుడు ఎవరి కొంపా మునగదు. సగానికి పైగా ఫారాలు మిషనెక్కి, ఆవిష్కరణ సభ కార్డులు పంచేశాక గుర్తొస్తుంది, పేజ్‌మేకర్ పాతబడిందని.

పాతదే, ఎవరు కాదన్నారు? పుట్టింది 1985లో. ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. అప్పట్నుంచి అను ఫాంట్లతో దాన్నే పట్టుకు వేలాడి, సరిగ్గా నా కథల పుస్తకం మధ్యలో నిద్రలేచారు మావాళ్లు.

"ఈ పుస్తకం అయ్యాక చూద్దాం సార్" అన్నాడు ఆపరేటరు. పదిహేనేళ్లుగా ఆ కీబోర్డు ముందే కూర్చున్నవాడు, అతనికేం తెలుస్తుంది పాపం! "కాలంతో పాటు మనమూ మారాలయ్యా" అన్నారు ఓనరు. ఆయన ఆ కంప్యూటర్ మీద చెయ్యి వేసేది ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టేటప్పుడే.

ఇన్‌డిజైన్ దిగింది. అను అక్షరాలు తెలుగు చొక్కా తొడుక్కున్న ఇంగ్లీషు కోడ్లు కదా, వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చారు. భారతీయ లిపుల కంపోజర్‌ని ఎంచుకోవాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఒత్తులు కిందికి దిగమని మొరాయించాయి. మా కథానాయిక లక్ష్మి ప్రూఫులో 'లక్‌ష్‌మి'గా విడివిడిగా నిలబడింది.

ఇలాంటివి పెద్దిళ్లలోనూ జరిగాయి లెండి. ఎయిర్‌బస్ ఎ380 విమానానికి హాంబర్గ్ వాళ్లు కాటియా అనే సాఫ్ట్‌వేర్ 4వ వెర్షన్‌లోనూ, టులూజ్ వాళ్లు 5వ వెర్షన్‌లోనూ డిజైన్లు గీశారు. తీరా బిగించబోతే వైర్లు పొట్టివయ్యాయి. ఆ గొడవ 2006లో బయటపడి, విమానం దాదాపు రెండేళ్లు వెనకబడింది. రెండు దేశాలు కలిసి సాధించిన ఆ ఘనకార్యాన్ని మావాళ్లు ఒక్క గదిలో, ఒకే ఏసీ కింద సాధించారు.

ఒత్తులు చివరికి దారికొచ్చాయి. ఫారానికి 16 పేజీల లెక్కన 224 వరకు పాత అక్షరం, 225 నుంచి కొత్త అక్షరం. కొత్తది కాస్త సన్నం కావడంతో పేజీలు తగ్గాయి. విషయసూచిక మాత్రం మొదటి ఫారంలోనే అచ్చయిపోయింది. అందులో ఆఖరి కథ 309వ పేజీలో ఉంది. పుస్తకం 304తో అయిపోయింది.