గంజులకున్న దారి

మా రోజుల్లో నాటకానికి హాలు ఎక్కడిది? సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా ఆటంటే ఊరి బయట ఖాళీ జాగా, నాలుగు గుంజలు, రెండు పెట్రోమాక్స్ లైట్లు. ఇప్పుడు ఏసీ హాళ్లొచ్చాయి, వాటి ముందర నున్నటి గ్రానైట్ మెట్లొచ్చాయి. నా పంచాయితీ అంతా ఆ మెట్లతోనే.

మా బావది మునుగోడు వైపు ఊరు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషి. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ నీళ్ల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. పళ్లు గారబడతాయి, మోకాళ్లు వంకరపోతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. మా బావ మెడ తిరగదు. పక్కవాడిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. అయినా చిందు భాగోతమంటే చెవి కోసుకునేవాడు. ఎడ్లబండిలో గడ్డి పరిచి, వీపు వెనక బస్తా ఆనించి, బండిని సరిగ్గా ఆటకు ఎదురుగా నిలబెట్టి ఎడ్లను విప్పేవాళ్లం. తెల్లారేదాకా కన్నార్పకుండా చూసేవాడు.

మొన్న అదే మనిషిని పద్యనాటకానికి తీసుకుపోయాం. ఏ ఊరో, ఏ హాలో చెప్పను. ఎక్కడైనా తంతు అదే కనుక చెప్పి లాభం లేదు. ర్యాంపు ఉందా అంటే ఉంది, వెనక వంటల వైపు. పెళ్లిళ్లకు అన్నం గంజులు బండి మీద తోసుకుపోవడానికి కట్టారు. గంజులకున్న మర్యాద మనిషికి లేదన్నమాట. ఉల్లిపొట్టు మీదుగా చక్రాల కుర్చీని లోపలికి తోశాం. తీరా చూస్తే వికలాంగులకని చూపించిన జాగా పక్క తలుపు దగ్గర, గోడ వారన. మెడ తిరగని మనిషికి అక్కణ్నుంచి ఫైరు బకెట్లు తప్ప శ్రీకృష్ణుడు కనబడలేదు. కుర్చీని అడ్డం తిప్పితే దారికి అడ్డమన్నారు. కమిటీ కుర్రాడొకడు మంచివాడే, "ముందే చెప్తే నలుగురం ఎత్తుకొచ్చేటోళ్లం గదా తాతా" అన్నాడు. "నేనేమన్న ఊరేగే దేవుణ్ణా బిడ్డా? ఎత్తుడు సంగతి తర్వాత, ఈ మెట్లు ఎందుకు కట్టిన్రో అది చెప్పు" అన్నాడు బావ.

చట్టం లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఆటపాటలు, కళలు అందరికీ అందాలని అందులో ఒక సెక్షనే ఉంది. 2017లో రూల్స్ వచ్చాయి. ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా జనం వాడే పాత భవనాలను సరిచేసుకోవడానికి ఐదేళ్ల గడువిచ్చారు, అదీ 2022లో దాటిపోయింది. రూల్స్‌ను ఉత్త సలహాల్లా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయండని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. ఇక జరిమానా సంగతి వినండి. మొదటి తప్పుకు పదివేల దాకా! పెళ్లిళ్ల సీజన్‌లో పదివేలు హాలు ఓనరుకు పూలదండల ఖర్చు.

ర్యాంపుకూ లెక్కుంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. మూడడుగుల అరుగైతే 36 అడుగులు. మనవాళ్లు పదడుగుల్లో ముగించి, దాని మీద స్కూటర్లు నిలబెడతారు.

అందరికీ అందాలన్న తెలివి కళకు ఎప్పుడో ఉంది. భాగోతంలో ఇద్దరు తెర పట్టుకుంటే, వేషం దాని వెనక నిలబడి ఉండగానే ప్రవేశ దరువు ఎత్తుకుంటారు. వచ్చేది ఎవరు, ఎట్లా వస్తున్నాడు, ఎంత ప్రతాపవంతుడు, అంతా పాటలోనే చెప్పేస్తారు. హార్మోనియం పక్కన కూర్చునే చూపులేని పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పక్కవాడిని ఏనాడూ "ఎవర్రా వచ్చింది?" అని అడిగిన పాపాన పోలేదు. వాషింగ్టన్‌లో ఎరీనా స్టేజ్ అనే నాటకశాల 1981లో చూపులేని ప్రేక్షకులకు రంగస్థలం మీద జరిగేది చెవిలో చెప్పే ఏర్పాటు చేస్తే, ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంది. గొప్పే, కాదనను. మా చిందువాళ్లు చెవిలో ఏ మిషనూ పెట్టకుండానే సగం పని చేశారు కదా అని నా బాధ. ఇప్పటి నాటకంలో వెనక ఎల్‌ఈడీ తెర మీద అడవి మారి అంతఃపురం వస్తుంది, నోటితో చెప్పేవాడు లేడు. వినబడనివాళ్ల గతి ఇంకా అధ్వానం. నటుడి ముఖం చూసి కథ పట్టుకుందామంటే, ముందర వీడియోవాళ్ల స్టాండ్లు.

మా రోజులేవో స్వర్గమని మాత్రం అనుకోకండి. హాస్యగాడు కుంటినడక నడిస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. కాళ్లు రాని మగవాడికి బండి కట్టారు గానీ, కాళ్లు రాని ఆడపిల్లను ఆటకు తీసుకొచ్చిన ఇల్లు నేను చూడలేదు. మలమూత్రాల తిప్పలు చెప్పనే వద్దు. ఈ విషయంలో మటుకు ఇప్పటి హాలే నయం, బాత్రూం తలుపులో కుర్చీ పట్టేట్టయితే.

సినిమాహాళ్లకు 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, వినబడనివాళ్లకు అక్షరాలు, చూపులేనివాళ్లకు వర్ణన ఉండాలని. నాటకంవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. తెర లేవకముందు మైకులో ఎవరు ఏ వేషమో, రంగం ఎట్లా ఉందో రెండు ముక్కలు చెప్పొచ్చు. వీడియోవాళ్లను వెనక్కి పంపొచ్చు. నడిమి వరుసలో, దారి పక్కన, రెండు కుర్చీలు పీకేస్తే చక్రాల కుర్చీ ఎదురుగా నిలుస్తుంది. దానికి కావలసింది ఒక స్పానరు, ఒక మనిషి. ఈ మాటే హాలు మేనేజరుతో అంటే మీటింగులో పెడతానన్నాడు. మీటింగెక్కడని అడిగితే పై అంతస్తులోనట. లిఫ్టు లేదు.