రెండు వారాల మాస్టారు

కిలిమంజారో కొండ కింద మోషీ అని ఒక ఊరుంది, టాంజానియాలో. ఆ చుట్టుపక్కల పల్లెల్లో బడికి గోడ కట్టాలంటే మీకు తాపీపని రానక్కర్లేదు. ఆ బడిలో పాఠం చెప్పాలంటే పిల్లల భాష రానక్కర్లేదు. సేవా ప్యాకేజీకి కట్టే డాలర్లుంటే చాలు. విమానం టిక్కెట్టు విడిగా, శనాదివారాల్లో సింహాల దర్శనం ఇంకా విడిగా. సేవలో సింహాలను కలపరు, లెక్కలు అంత నిక్కచ్చిగా ఉంటాయి.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా వదిన. పెదనాన్నగారి కోడలు. వాళ్ళబ్బాయి పదకొండో తరగతి, వచ్చే ఏడు కాలేజీలకు దరఖాస్తులు పెట్టాలి. మార్కులున్నాయి, మృదంగం ఉంది, రోబోటిక్స్ ఉంది. లేనిదల్లా బీదవాళ్ళు.

"మా కాలనీ అంతా సాఫ్ట్‌వేరే. సేవ చేద్దామన్నా మనిషి దొరకడు" అంది ఫోన్లో.

"న్యూవార్క్ దగ్గరే కదా వదినా, అక్కడ బోలెడుమంది ఉంటారు."

"అమ్మో, అక్కడికి ఒక్కణ్ణీ ఎలా పంపను?"

ఆఫ్రికాకైతే భయం లేదు, విమానాశ్రయానికి వ్యాను వస్తుంది. పోనీ పొన్నూరు పక్కన మీ పుట్టింటి ఊళ్ళో బడి లేదా అన్నాను. కాలేజీ దరఖాస్తులు చూసే కౌన్సెలర్‌గారు వద్దన్నాడట. అమ్మమ్మ ఊరెళితే అది సేవ కిందికి రాదు, సెలవుల కిందికి వస్తుందని.

సరే, గోడ సంగతి. 2014లో ఒక అమెరికన్ యువతి తన స్కూలు రోజుల టాంజానియా యాత్ర గురించి రాసింది. అనాథాశ్రమానికి లైబ్రరీ కట్టడానికి వెళ్ళారు వాళ్ళు. పగలంతా వీళ్ళు ఇటుకలు పేర్చడం, రాత్రి వీళ్ళు నిద్రపోయాక ఊళ్ళో మగవాళ్ళు వచ్చి ఆ వంకర గోడ విప్పి మళ్ళీ తిన్నగా కట్టడం. పొద్దున లేచేసరికి గోడ మట్టానికి ఉండేది, పిల్లలు తమ పనితనానికి మురిసిపోయేవారు. ఇంత ఓర్పుగల మేస్త్రీలు నాకు ఇక్కడ ఒక్కరూ తగల్లేదు. మా వీధిలో అయితే ముందు తాపీ లాక్కుని, తర్వాత మాట్లాడతారు.

అసలు లెక్క అక్కడే ఉంది. ఒక పిల్లాడి విమానం ఖర్చుతో ఆ మేస్త్రీకి ఎన్ని రోజుల కూలి గిట్టుతుందో లెక్కేస్తే గోడలు చాలానే లేస్తాయి. కానీ అప్పుడు ఫొటోలో మేస్త్రీ ఉంటాడు. మేస్త్రీ కాలేజీకి దరఖాస్తు పెట్టడం లేదు కదా.

ఇక పాఠం. టాంజానియాను నిలబెట్టిన జూలియస్ నైరేరే వృత్తిరీత్యా టీచరు. దేశాధ్యక్షుడయ్యాక కూడా జనం ఆయన్ని 'మ్వాలిము' అనే పిలిచారు, మన 'మాస్టారు' లాగ. షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్'ను స్వాహిలీలోకి అనువదించాడాయన. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువు స్వాహిలీలోనే. అలాంటి చోటికి మా వాడు వెళ్ళి రెండు వారాలు 'హెడ్, షోల్డర్స్' పాట పాడి చేతులు తిప్పుతాడు. పోయిన నెల వచ్చిన బృందం కూడా అదే పాడింది, వచ్చే నెల వచ్చేదీ అదే పాడుతుంది. ఇప్పటికి ఆ పిల్లలకు తలా భుజాలూ కంఠతా వచ్చేసి ఉంటాయి, కొత్తవాళ్ళు నొచ్చుకుంటారని తప్పులు కూడా చెబుతుంటారేమో. శిక్షణ పూర్తి చేసి ఉద్యోగం కోసం కాచుక్కూర్చున్న టీచర్లు ఆ దేశంలోనూ ఉన్నారు. వాళ్ళు ఎవరికీ డాలర్లు కట్టరు, అదే వాళ్ళ లోపం.

అన్నట్టు మా వదిన గుంటూరులో బీఈడీ చేసింది, ఫస్ట్ క్లాసు. పెళ్ళికి ముందు మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. న్యూజెర్సీ ప్రభుత్వ బడిలో చెప్పాలంటే ఆ రాష్ట్రం సర్టిఫికెట్ కావాలి, దానికి మళ్ళీ పరీక్షలు, కాగితాలు. విసిగి మానుకుంది. అక్కడి పిల్లల చదువు విషయంలో వాళ్ళు అంత జాగ్రత్త, తప్పు పట్టను. అయితే ఇంట్లో బీఈడీ తల్లికి బడి గుమ్మం దాటే అర్హత లేదు, పదహారేళ్ళ కొడుక్కి ఖండం దాటి మాస్టారయ్యే అర్హత ఉంది. ఎదురుగా కూర్చునే పిల్లలు ఎవరి పిల్లలన్నదాన్నిబట్టి మాస్టారి చదువు కొలుస్తారు కాబోలు. ఇక మన దగ్గర చూస్తే, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ టీచరు పోస్టులు 16,347, వాటికోసం రాసినవాళ్ళు లక్షల్లో. ఏళ్ళ తరబడి అవనిగడ్డ కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులద్దెకు తీసుకుని చదివిన వాళ్ళున్నారు, ఒక పల్లె బడిలో కుర్చీ కోసం. వాళ్ళకు మోషీ ప్యాకేజీ గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

అందర్నీ ఒకే గాటన కట్టడం లేదు. 1961లో మొదలైన అమెరికా పీస్ కోర్‌లో చేరినవాళ్ళు 27 నెలలు ఉండాలి, అందులో మొదటి మూణ్నెల్లూ భాషా పనీ నేర్చుకోవడమే. దాన్ని తిట్టినవాళ్ళూ ఉన్నారు గానీ, కనీసం ఊళ్ళో దారి అడిగి వెళ్ళగలరు వాళ్ళు. ఇవాన్ ఇల్లిచ్ అనే మతాచార్యుడికైతే అదీ గిట్టలేదు. 1968లో, మెక్సికో పల్లెలకు సేవకు వెళ్ళే అమెరికన్ విద్యార్థుల సభలోనే లేచి, చూడ్డానికి రండి, చదువుకోడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రాకండి అన్న అర్థం వచ్చేలా కడిగేశాడు. పిలిచిన పెళ్ళిలో శాపనార్థాలు పెట్టడం అంటే అదే. ఈ సేవా యాత్రల వ్యాపారం ఆగిందా? పెరిగింది.

2016లో హార్వర్డ్ విద్యా విభాగం నుంచి ఒక నివేదిక వచ్చింది. దూరదేశాల ఆర్భాటపు సేవకన్నా ఉన్నచోట నిలకడగా చేసే పని మేలని. ఇది చెబితే వదిన నవ్వింది. కౌన్సెలర్ ఎప్పుడో చదివేశాడట. అందుకే ఇప్పుడు దరఖాస్తు వ్యాసంలో 'నేను వాళ్ళకు నేర్పాను' అని రాయనివ్వడు, 'నేర్పడానికి వెళ్ళాను, వాళ్ళే నాకు నేర్పారు' అని రాయిస్తాడు. నేర్పింది వాళ్ళయితే ట్యూషన్ ఫీజు వాళ్ళకు కదా వెళ్ళాలి అన్నాను. ఫోన్ సరిగా వినపడలేదంది.

తర్వాత అసలు విషయానికొచ్చింది. చిన్నమ్మాయికి డాక్టర్ కావాలని ఉందట. వైద్యసేవ ప్యాకేజీలు కూడా ఉన్నాయట, పదహారు నిండితే చాలు, కాన్పులు దగ్గరుండి చూడొచ్చు, ఒక్కోచోట చేయి కూడా వెయ్యనిస్తారని ఎవరో చెప్పారట.

"గోడంటే రాత్రికి ఎవరో ఒకరు సరిచేస్తారు. కాన్పుకి ఎవరొస్తారు వదినా?"

"ఆ భయమేం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళే కట్టిస్తారట, మన అమ్మాయికి" అంది.