నెక్స్ట్, నెక్స్ట్, క్రియేట్

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ షెడ్డులోకి వెళ్లినా అకౌంటెంట్ గారి టేబుల్ కింద ఒక పాత సీపీయూ ఉంటుంది, పక్కనే కరెంటు పోయినప్పుడల్లా కూతపెట్టే యూపీఎస్ ఉంటుంది. స్టాకు, డెలివరీ చలాన్లు, జీతాలు, జీఎస్టీ లెక్కలు సర్వం అందులోనే. ఏదో ఒక రోజు ఆడిటర్ గారు వస్తారు, చాయ్ తాగుతారు, "ఇంకా ఇదేనా సార్, క్లౌడ్‌లో పెట్టించెయ్యండి" అని ఒక మాట విసిరి వెళ్లిపోతారు. ఓనర్ సార్ చూపు మీ మీద పడుతుంది. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయగలిగింది మీరొక్కరే కాబట్టి కంపెనీ ఐటీ డిపార్ట్‌మెంట్ మీరే.

కంగారు పడకండి. ఉప్పల్ రింగురోడ్డు నుంచి మల్లాపూర్ దాకా చాలా డేటాబేసులు నేను చెప్పబోయే పద్ధతిలోనే లేచి నిలబడ్డాయి. వాటిలో కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి.

మొదట మనసులో ఒక నమ్మకం గట్టిగా నాటుకోవాలి: నెలనెలా డబ్బు కడుతున్నాం, కాబట్టి అన్నీ వాళ్లే చూసుకుంటారు. అమెజాన్ వాళ్ల డేటాబేసు సర్వీసు ఆర్‌డీఎస్ 2009 నుంచి ఉంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ దగ్గరా అలాంటి సరుకే దొరుకుతుంది. మెషీన్ నడపడం, ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్యాచ్‌లు వేయడం, డిస్కు పాడైతే మార్చడం వాళ్ల బాధ్యత. ఎవరిని లోపలికి రానివ్వాలి, బ్యాకప్ ఎన్నాళ్లు దాచాలి, ఏ క్వెరీ ఎంత మెమరీ మింగాలి అన్నది మాత్రం కస్టమర్ బాధ్యత అని వాళ్లే స్పష్టంగా రాసిపెట్టారు. ఆ పేజీ తెరవకండి. తెరిస్తే ఈ వ్యాసంతో పనిలేకుండా పోతుంది.

ఇక రీజియన్, అంటే మెషీన్ ఏ ఊళ్లో ఉండాలన్నది. ఖాతా తెరిచాక పై మూలన చాలాసార్లు నార్త్ వర్జీనియా అని కనబడుతుంది. అలాగే ఉండనివ్వండి. అమెరికా అంటే ఆ గౌరవమే వేరు, ఓనర్ సార్ బంధువులకి చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఇక్కడి నుంచి అక్కడికి ఒక క్వెరీ వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. అదెంత, కనురెప్ప వేసినంత. అయితే మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక ఇన్వాయిస్ చూపించడానికి ఒకదాని తర్వాత ఒకటిగా 40 క్వెరీలు వేస్తుంది, కాబట్టి 8 సెకన్లు. లారీ డ్రైవరు గేటు దగ్గర హారన్ కొడుతుంటే అకౌంటెంట్ గారు తెరమీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటారు. ఆయనకీ కాస్త విశ్రాంతి కావాలి కదా.

ముంబైలో అమెజాన్ రీజియన్ 2016లోనే వచ్చింది. అంత దూరం కూడా ఎందుకు, 2022 నవంబరులో హైదరాబాద్ రీజియనే మొదలైంది, మూడు అవైలబిలిటీ జోన్లతో. చందనవెల్లి, ఫ్యాబ్ సిటీ, ఫార్మాసిటీ వైపు డేటా సెంటర్ల కోసం 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి అని 2020లో పత్రికల్లో పెద్దపెద్ద అక్షరాలతో వచ్చింది కూడా. కానీ ఆ రీజియన్ ఖాతాలో దానంతట అది ఆన్ అయి ఉండదు, సెట్టింగుల్లోకి వెళ్లి మనమే తెరుచుకోవాలి. మన ఊళ్లోనే ఉన్నదాన్ని బతిమాలి తెరిపించుకోవడం ఏం మర్యాద? వర్జీనియాయే నయం.

మెషీన్ సైజు దగ్గర ఎక్కువ ఆలోచించకండి, అన్నిటికన్నా చిన్నది తీసుకోండి. 1 జీబీ మెమరీ ఉండే టీ3 మైక్రో ఒకటి ఉంది. మామూలు రోజుల్లో బద్ధకంగా పడుకుని, అవసరమొచ్చినప్పుడు కూడబెట్టుకున్న క్రెడిట్లతో పరుగెత్తే జాతి అది. జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ కాబట్టి, 10వ తేదీ రాత్రి నాచారంలోని అకౌంటెంట్లందరూ ఒకేసారి రిపోర్టులు లాగుతారు. క్రెడిట్లు అయిపోయినా టీ3 ఆగదు. అదనపు వాడకానికి అదనపు చార్జీ వేసి పరుగెడుతూనే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ లెక్కలు తీసినందుకు జీఎస్టీ కట్టడంలో ఒక అందం ఉంది.

ఈలోగా ఓనర్ సార్ బావమరిది ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల బిర్యానీ పార్సిళ్ల యాప్ పెడతానంటాడు. వేరే డేటాబేసు ఎందుకు దండగ, ఉన్నదాంట్లోనే ఒక మూల ఇచ్చెయ్యమంటాడు. నిరభ్యంతరంగా ఇచ్చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేయండి. మనలో మనకు వేర్వేరు యూజర్లు, వేర్వేరు హక్కులు అంటే ఇంటి అల్లుడిని గేటు దగ్గర ఆధార్ కార్డు అడిగినట్టుంటుంది.

లోడ్ టెస్టింగ్ అనేదొకటి ఉందని ఎవరైనా చెబితే వినకండి. మనకు స్టేడియమే ఉంది. 2024 మార్చి 27న సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టిన రాత్రిలాంటిది ఒకటి తగిలిందంటే అంతకన్నా మంచి పరీక్ష డబ్బు పెట్టినా దొరకదు. ఇన్నింగ్స్ బ్రేక్‌లో జనమంతా ఫోన్లు తీస్తారు. యాప్ ప్రతి ఆర్డరుకీ కొత్త కనెక్షన్ తెరుస్తుంది, మూయడం మరిచిపోతుంది. ఆర్‌డీఎస్‌లో మైఎస్‌క్యూఎల్ అనే మన రకం డేటాబేసుకి కనెక్షన్ల పరిమితి ఒక లెక్క ప్రకారం వస్తుంది: మెమరీని బైట్లలో తీసుకుని 1,25,82,880తో భాగించాలి. 1 జీబీకి కాగితం మీద 85, చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. ఆ పైన వచ్చినవాళ్లందరికీ "టూ మెనీ కనెక్షన్స్" అని జవాబు. బిర్యానీ అడిగినవాడికే కాదు, అదే సమయానికి నాచారంలో నైట్ షిఫ్ట్ సరుకు బయటికి పంపడానికి గేట్‌పాస్ కొడుతున్న సెక్యూరిటీ ఆయనకీ అదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ పరిమితిని 5,000కి పెంచడం. సెట్టింగులుండే డిఫాల్ట్ పారామీటర్ గ్రూపును మార్చనివ్వదు, కొత్త గ్రూపు తయారుచేసి తగిలించి ఒకసారి రీబూట్ చేయాలి. రీబూట్ మ్యాచ్ మధ్యలోనే చేయండి, ఎలాగూ ఎవరూ లోపలికి రాలేకపోతున్నారు. ప్రతి కనెక్షనూ కాస్తకాస్త మెమరీ తింటుంది కాబట్టి, ఈసారి తలుపులు తెరిచే ఉంటాయి, మెమరీ నిండి ఇల్లే కూలుతుంది. పది పదిహేను కనెక్షన్లు తెరిచి ఉంచి, వాటినే వంతులవారీగా వాడుకునే పూలింగ్ అనే పద్ధతి ఒకటుంది. అందులో ఏ థ్రిల్లూ లేదు.

నెట్‌వర్కు సంగతికొస్తే, పబ్లిక్ యాక్సెస్ అనే ప్రశ్న వస్తుంది. అవును అనండి. మంచి విషయాలు నలుగురికీ అందుబాటులో ఉండాలి. తర్వాత సెక్యూరిటీ గ్రూప్, అంటే ఏ అడ్రసు నుంచి లోపలికి రానివ్వాలన్న జాబితా. మొదట్లో మీరు బుద్ధిమంతుల్లా ఆఫీసు ఐపీ అడ్రసు ఒక్కటే రాస్తారు. సాయంత్రం కరెంటు పోతుంది, రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది, బ్రాడ్‌బ్యాండ్ వాడు కొత్త ఐపీ ఇస్తాడు. ఓనర్ సార్ ఇంటి నుంచి రాత్రి పదింటికి ఫోన్: "ఏమైందయ్యా, ఓపెన్ అవ్వట్లేదు?" ఇలా మూడుసార్లు అయ్యాక జ్ఞానోదయమై 0.0.0.0/0 అని కొడతారు. లోకంలో ఎవరైనా రావచ్చని దానర్థం. ఆ రాత్రి నుంచి ఫోన్లు రావు. కావాలంటే వీపీఎన్ పెట్టుకోవచ్చు, మధ్యలో ఒక చిన్న సర్వరు పెట్టి దాని మీదుగా రావచ్చు, కానీ అవన్నీ ఓనర్ సార్‌కి వివరించే ఓపిక ఎవరికుంది?

పోర్టు 3306 అలాగే ఉంచండి. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ ఇంగ్లీషులో నాచారం#123. పెద్దక్షరం ఉంది, అంకె ఉంది, గుర్తు ఉంది, నియమాలన్నీ పాటించినట్టే. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న డేటాబేసుల్ని వెతుక్కుంటూ రాత్రింబగళ్లు తిరిగే ప్రోగ్రాములకు మీ అడ్రసు దొరకడానికి ఎంతోసేపు పట్టదు. 2017 ఫిబ్రవరిలో ఇలాగే మైఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి దూరి, టేబుళ్లు తుడిచేసి, 0.2 బిట్‌కాయిన్ కడితే డేటా తిరిగిస్తామని ఒక టేబుల్‌లో నోటు రాసిపెట్టి వెళ్లారు. డబ్బు కట్టినా ఇవ్వడానికి వాళ్ల దగ్గర కాపీ ఉందన్న నమ్మకం లేదు. అయినా మన చలాన్లు ఎవడిక్కావాలి అన్నదే మన భరోసా.

ఎన్‌క్రిప్షన్ టిక్ తీసేయండి. తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు అనుకోండి. పెట్టుకోలేరు; స్నాప్‌షాట్ తీసి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి కాపీ చేసి, అందులోంచి కొత్త డేటాబేసు లేపాల్సిందే. కానీ ఆ రోజుకి ఈ ఉద్యోగంలో మీరు ఉంటారా ఏమిటి.

మైఎస్‌క్యూఎల్ వెర్షన్ల జాబితాలో పాతది, అంటే 5.7 కనిపిస్తే వదలకండి. కాలేజీలో మనం నేర్చుకున్నది అదే. 2023 అక్టోబరుతో దానికి ఒరాకిల్ మద్దతు అయిపోయింది, ఆర్‌డీఎస్‌లో ఇంకా వాడాలంటే ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో అదనంగా వడ్డిస్తారు. పాత వస్తువుకి విలువ పెరగడమంటే ఇదే. ఇంకో లాభం: అందులో అక్షరాల సెట్టింగు మనం ముట్టుకోకపోతే లాటిన్1. కార్మికుల పేర్లు, ఊళ్లు తెలుగులో ఎక్కిద్దామని హెచ్‌ఆర్ మేడం ముచ్చటపడి "ఉప్పల్" అని కొడతారు. కంటికి మూడక్షరాలు. లోపల లెక్క వేరు: ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు, మొత్తం ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, వెరసి 18. "నాచారం" అన్నా అదే 18. లాటిన్1కి వీటిలో ఒక్కటీ తెలియదు, అందుకని కట్టుదిట్టమైన తనిఖీ ఆన్‌లో లేకపోతే నోరెత్తకుండా ఆరు ప్రశ్నార్థకాలు దాచుకుంటుంది. నెలాఖరుకి జీతాల రిజిస్టరు తీస్తే ఉప్పల్ వాడిదీ నాచారం వాడిదీ ఒకే ఊరు. ఆ ప్రశ్నార్థకాలను మళ్లీ తెలుగు చేసే మందు లేదు, అసలు బైట్లే పోయాయి.

ఎవరో తెలిసినవాడు యూటీఎఫ్8 పెట్టమంటాడు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరున్నది అక్షరానికి 3 బైట్ల దాకానే మోస్తుంది. తెలుగుకి సరిగ్గా సరిపోతుంది, కాబట్టి మీరు గెలిచామనుకుంటారు. బిర్యానీ బాగుందని కస్టమర్ ఒక నవ్వు బొమ్మ పెడతాడు; ఎమోజీకి 4 బైట్లు. ఆ కట్టుదిట్టమైన తనిఖీ ఆన్‌లో ఉంటే మెచ్చుకున్నవాళ్ల రివ్యూలు ఎర్రర్ కొడతాయి, తిట్టినవాళ్లవి చక్కగా ఎక్కుతాయి. యూటీఎఫ్8ఎంబీ4 పెడితే ఈ గొడవే లేదు, 8.0 వెర్షన్‌లో అదే డిఫాల్టు. అంత సులువైతే మన గొప్పేముంది.

మెయింటెనెన్స్ టైము తెల్లవారుజామున 3 గంటలకి పెట్టండి, ఊరంతా నిద్రపోతుంది. అక్కడి గడియారం యూటీసీ అన్న సంగతి పట్టించుకోకండి. మన లెక్కన ఉదయం 8:30, మొదటి షిఫ్టు లోపలికొచ్చి హాజరు వేసే వేళ. ట్రాఫిక్ నడుస్తుండగానే పనులు చేయడం వరంగల్ రోడ్డుకి అలవాటే, 2018లో నారపల్లి ఫ్లైఓవర్ పని మొదలైనప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం.

స్టోరేజీ ఆటోమేటిక్‌గా పెరిగేలా పెట్టి, గేటు కెమెరా తీసిన లారీ ఫొటోలన్నీ డేటాబేసులోనే కుక్కండి. పెరిగిన డిస్కును అక్కడికక్కడే తగ్గించడం కుదరదు. ఫొటోలు తీసేసినా బిల్లు తీపి గుర్తుగా మిగులుతుంది.

బ్యాకప్ ఎన్ని రోజులు అంటే 0 నుంచి 35 దాకా అడుగుతుంది. సున్నా అంటే బ్యాకప్ లేనట్టే. సున్నా పెట్టండి, పొదుపు. ఆ మిగిలిన డబ్బుతో, పైన ఇంకొంత వేసి, మల్టీ ఏజెడ్ తీసుకోండి: ఇంకో జోన్‌లో అచ్చంగా ఇలాంటిదే మరొకటి నిలబడుతుంది, ఒకటి పడిపోతే మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో రెండోది పని అందుకుంటుంది. రెండు కాపీలుండగా బ్యాకప్ ఎందుకు? ఏదో ఒక శుక్రవారం బావమరిది పాత ఆర్డర్లు తీసేద్దామని కూర్చుని, వేర్ అన్న షరతు రాయకుండానే డిలీట్ కొడతాడు. మొదటి కాపీలో మొత్తం పోతుంది. రెండో కాపీ అదే క్షణంలో, ఒక్క వరుస కూడా వదలకుండా తనూ తీసేస్తుంది. అంత నమ్మకమైన నౌకరు మళ్లీ దొరకదు.

భయపడి ఏడు రోజుల బ్యాకప్ పెట్టుకున్నారనుకోండి, ఒక్కసారైనా వెనక్కి తెచ్చి చూడటం మాత్రం చేయకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు ఫోల్డరే తీసేసినప్పుడు, రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల జరగడమే లేదని అప్పుడు తెలిసింది. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. ఆ సస్పెన్స్ ముందే పరీక్ష చేసుకున్నవాళ్లకి దక్కదు. ఇంకోటి: రిస్టోర్ చేస్తే పాతదాని మీదకి రాదు, కొత్త డేటాబేసు కొత్త అడ్రసుతో పుడుతుంది. అందుకని పాత అడ్రసును సాఫ్ట్‌వేర్‌లో పదిహేడు చోట్ల నేరుగా రాసి ఉంచండి.

ఖర్చు ఎక్కువైందని ఓనర్ సార్ అరిస్తే స్టాప్ బటన్ నొక్కి, "ఆపేశాను సార్" అని చెప్పండి. ఏడు రోజులకి అదే మళ్లీ లేస్తుంది. ఆగి ఉన్నప్పుడూ స్టోరేజీ అద్దె నడుస్తుంది. ఈ సంగతి నెలాఖరు బిల్లు చెబుతుంది, మీరు చెప్పక్కర్లేదు.

చివరగా, ఈ ఖాతా మొత్తం మీ సొంత జీమెయిల్‌తో, మీ సొంత ఫోన్ నంబరుతో తెరవండి. బిల్లు, హెచ్చరికలు, లాగిన్ కోడ్లు అన్నీ మీకే వస్తాయి. ఏడాది తిరిగేసరికి మీ రెజ్యూమేలో క్లౌడ్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగే ఉద్యోగం దొరుకుతుంది. మీ సీట్లోకి కొత్తగా వచ్చే కుర్రాడికి ప్రింటర్ ఎలా తెరవాలో చూపించి వెళ్లండి, అది చాలు. మిగతావాటికి అకౌంటెంట్ గారే ఫోన్ చేస్తారు, ఎక్కువగా 10వ తేదీ రాత్రి: "తమ్మీ, బాగున్నావా? అమ్మానాన్న బాగున్నారా? ఒక ఓటీపీ వచ్చి ఉంటది, జర చెప్పవా."